గుర్రంతో చెప్పించిన మాటలు

గుర్రాల దగ్గర పనికి కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. నాడాలు కొట్టించేటప్పుడు గుర్రం నిలవడం లేదంటారు. తోమేటప్పుడు కదులుతుందనీ, జీను వేయబోతే పక్కకు జరుగుతుందనీ చెబుతారు. కళ్లెం మార్చాలా, తాడు బిగించాలా అని అడుగుతారు. నేను మాత్రం ముందు ఒక్క మాట అడుగుతాను: "గుర్రం కాడ మాట్లాడేటోళ్లు ఎవరు?"

ముసలాయనకు చెవుడొచ్చిందనో, మతి పోయిందనో అనుకుని ఫోన్ పెట్టేస్తారు. అలా పెట్టేసినవాళ్లు ఎవరెవరో నాకు గుర్తుంది. మళ్లీ చేస్తే ఎత్తను. ఫోన్ పెట్టేయకుండా ఆగినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

కరీంనగర్ శివారులో ఒక గ్రానైట్ వ్యాపారి సరదా కొద్దీ గుర్రపు స్వారీ నేర్పే బడి పెట్టాడు. మేమంతా ఆయన్ని సేఠు అనేవాళ్లం. అక్కడ నేను సాయీసుగా చేశాను. సాయీసు అంటే గుర్రాన్ని తోమి, మేపి, జీను కట్టి, ఎక్కేవాళ్లకు సిద్ధం చేసి ఇచ్చేవాడు. ఎక్కినవాళ్లకు చప్పట్లు కొడతారు. దిగాక చెమట తుడిచేవాడిని ఎవరూ చూడరు. ఆ బడి ఆఫీసు గోడ మీద పెద్ద ఫోటో ఒకటి ఉండేది. మా నాడాలు కొట్టే ఆయన గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని సుత్తి ఎత్తిన ఫోటో. దాని మూలన తాడు పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తుంది. ఆ చెయ్యి నాది. చేతి వెనక మనిషి ఉంటాడని ఫోటో తీసినవాడికి తోచలేదు.

నాడాలు కొట్టే ఆయనది ఆదిలాబాద్. పత్తి బండ్ల ఎడ్లకు నాడాలు వేసిన ఇంట్లో పుట్టినవాడు. ఎడ్లకైతే తాడు వేసి పడగొట్టి, నాలుగు కాళ్లూ కట్టేసి కొడతారు. గుర్రాన్ని అలా పడగొట్టకూడదు. తనంతట తాను నిలబడి కాలు ఇవ్వాలి. ఆ సంగతి ఆయన కష్టపడి నేర్చుకున్నాడు, కాదనను. మొదట్లో నన్ను "బావా" అని పిలిచేవాడు. నేను తాడు పట్టుకునేవాణ్ని, ఆయన గిట్ట చెక్కేవాడు. వాన గురించీ, పత్తి గురించీ, మా ఊళ్ల గురించీ మాట్లాడుకుంటుంటే పని ఎప్పుడు అయిపోయేదో తెలిసేది కాదు.

అదంతా సేఠు కొత్త ఇంటి గృహప్రవేశం రోజుతో పోయింది. బంతి భోజనాల్లో నేను ఆయన పక్కన కూర్చోబోయాను. ఆయన ముక్కు పట్టుకుని అన్నాడు:

"బావా, నువ్వు జర అవతలికి కూసో. నువ్వు పక్కన కూసుంటే బగారన్నం గూడ లద్ది వాసనొస్తది."

బంతి బంతంతా నవ్వింది. వడ్డించేవాడు గరిటె పట్టుకునే నవ్వాడు. సేఠు భార్య నవ్వింది. అన్నది ఎవరో చూడండి: పొద్దున లేస్తే గిట్టలు చెక్కి, కాలిన నాడా గిట్టకు అంటించి, ఆ కమురు పొగలో మునిగి తేలేవాడు. నేను లేచి, ఆకు మడవకుండానే వచ్చేశాను. ఆ రోజు నుంచి మా మధ్య మాటలు బంద్.

మాటలు లేవు సరే, పని ఉంది కదా. నా చేతిలో ఎర్రటి ఆడగుర్రం ఒకటి ఉండేది. నుదుటి మీద తెల్లచుక్క. అది బడికి వచ్చినప్పుడు మనిషి నీడ పడితే బెదిరేది. దానికి నిలబడడం నేర్పింది నేనే. పెద్ద విద్యేం కాదు గానీ ఓపిక కావాలి. కొట్టం ముందు పనికిరాని గ్రానైట్ బండ ఒకటి పరిచి ఉండేది. రోజూ ఆ బండ మీదికే తెచ్చి నిలిపేవాణ్ని. కదిలితే తిట్టకుండా, కొట్టకుండా మళ్లీ అక్కడికే తెచ్చేవాణ్ని. నిలబడ్డ క్షణంలో తాడు వదులు చేసేవాణ్ని. విసుగు పుట్టకముందే వదిలేసేవాణ్ని. బిగబట్టిన తాడుతో గుర్రం నిలబడదు, కట్టేసినట్టు ఉంటుంది అంతే. సందు దొరకగానే గుంజుకుంటుంది. అలా నెమ్మదిగా బండ అంటే నిలబడే చోటని దానికి పట్టుబడింది. ఒళ్లు తోమినా, చెవులు తుడిచినా, కాలు ఎత్తినా కదిలేది కాదు.

ఇంకొకటి కూడా నేర్పాను. ఎంత దూరంలో మేస్తున్నా "ఏమే బిడ్డా" అంటే తల తిప్పి నా దగ్గరికి వచ్చేది. రాగానే గుప్పెడు దాణా పెట్టేవాణ్ని.

మాటలు బంద్ అయ్యాక కూడా నాడాలు మార్చే రోజు వచ్చింది. వెనక ఎడమ కాలు పోయిన వానకాలంలో బెణికింది. ఎక్కువ ఎత్తకూడదని ఆయనకు చెప్పాలి. ఆయనతో చెప్పను కదా. అందుకని గుర్రంతో చెప్పాను.

"ఏమే బిడ్డా, ఎనక కాలు మెల్లగ పట్టుకోమని చెప్పే."

ఆయనా తక్కువవాడు కాదు. దాని పిర్ర మీద చెయ్యేసి అన్నాడు:

"ఏమే బిడ్డా, మాకు గూడ కండ్లున్నయని చెప్పు."

"ఏమే బిడ్డా, కండ్లున్నోళ్లు మొన్న నాడా మొల వంకర ఎట్ల కొట్టిన్రో అడుగు."

"ఏమే బిడ్డా, తాడు పట్టుకునుడు రానోళ్లకు మొల సంగతి ఎందుకో అడుగు."

మా వైపు ఇది కొత్తేమీ కాదు. మాటలు లేని వదినా మరదళ్లు ఒకే ఇంట్లో పొయ్యికి చెప్పి, పిల్లికి చెప్పి కాపురాలు చేస్తారు. మేం గుర్రానికి చెప్పాం.

ఆ రోజే ఎర్రది మొదటిసారి కాలు గుంజుకుంది. తరవాత మరింత గుంజింది. తిరగడం, జరగడం, ఆయన్ని తోసేయడం మొదలుపెట్టింది. అప్పటిదాకా బండ మీద బొమ్మలా నిలబడ్డ గుర్రం, మిగతా పనులన్నిటికీ ఇప్పటికీ అలాగే నిలబడే గుర్రం, ఒక్క నాడాలప్పుడే ఎందుకిలా చేస్తుంది? మిగతా సాయీసులు పట్టుకున్న గుర్రాలన్నీ ఆయన చేతిలో బుద్ధిగానే ఉన్నాయి. చెడింది నా ఒక్కదే. అదీ మాటలు బంద్ అయినప్పటి నుంచే. ఇక నాకు వేరే రుజువు ఏం కావాలి? నా మీది కోపం గుర్రం మీద తీర్చుకుంటున్నాడని గట్టిగా అనుకున్నాను.

ఆయన వెళ్లాక గిట్టలన్నీ ఎత్తి చూశాను. మొల లోపలి మాంసంలోకి దిగిందేమోనని నొక్కి చూశాను. ఎక్కడా లేదు. దొరక్కుండా చేసే నేర్పు ఉందనుకున్నాను. ఒకరోజు పొద్దున దాని పెదవులకు బంక అంటుకుని ఉంది. వాసన చూస్తే బెల్లం. నేను పెట్టలేదు. మర్నాడు గడ్డిమోపు చాటున కూర్చున్నాను. ఆయన వచ్చి, అటూ ఇటూ చూసి, జేబులోంచి బెల్లం ముక్క తీసి దాని నోట్లో పెట్టాడు. పెడుతూ మెడ నిమిరాడు. నా గుర్రాన్ని నా మీదికి మళ్లిస్తున్నాడన్నమాట. 

గిట్టలు పెరిగిపోతున్నాయి. నాడాలు అరిగి వదులయ్యాయి. గట్టి దారి మీద దానిని నడిపించే వీలు లేక సేఠు విసుక్కున్నాడు.

"చూడు, నిలవడని గుర్రాన్ని కట్టేసుకొని నేనేం చేసుకుంట? ఆదివారం దాకా చూస్త. నాడాలు పడ్డయా, ఉంటది. లేకుంటే బేపారికి ఇచ్చేస్త."

బేపారి అంటే పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పే వ్యాపారి. ఆదిలాబాద్ అవతల మహారాష్ట్రవాడు. గుర్రాన్ని చూడడానికి ముందే ఒకసారి వచ్చాడు. తన బండిలోంచి ఒక కళ్లెం తీసి చూపించాడు. నోట్లో పడే ఇనుప కడ్డీకి లోపలివైపు ముళ్లు. "దీనితోని ఎసొంటిదైనా నిలవడ్తది" అన్నాడు. ఎర్రది ఆ ఇనుమును ముక్కుతో వాసన చూసి, నా భుజం వెనక తల పెట్టుకుంది.

అదే రోజు ఆ బేపారీ, మా నాడాలు కొట్టే ఆయనా నల్లా దగ్గర నిలబడి మరాఠీలో మాట్లాడుకోవడం చూశాను. నాకు మరాఠీ రాదు. బేపారి నా గుర్రం కాళ్ల వైపు చూస్తూ తలాడించాడు. ఇద్దరూ నవ్వారు. అక్కడితో నాకు మొత్తం కథ అతికినట్టు కుదిరిపోయింది. బెల్లం, కాలు గుంజడం, ఆదివారం, బేపారి, మరాఠీ. ఒకడు చెడగొడతాడు, ఇంకొకడు కొనుక్కుపోతాడు.

ఆ వారంలో వానలో తడిసి నా గొంతు పడిపోయింది. పూర్తిగా. దగ్గుదామన్నా చప్పుడు రాలేదు. అయినా గుర్రాన్ని ఆయనకు ఒంటరిగా అప్పగించే ప్రసక్తే లేదు. తాడు పట్టుకుని బండ మీద నిలబడ్డాను. ఆయన మామూలుగానే, "ఏమే బిడ్డా, ఇయ్యాలన్న నిలవడ్తవా అని అడుగుతున్న" అన్నాడు. అది తల తిప్పింది. నేను జవాబు ఇవ్వలేదు. ఇవ్వలేను కదా. జవాబు రాకపోతే ఎవరైనా ఎంతసేపు మాట్లాడతారు? ఆయన గొణుక్కుని ఊరుకున్నాడు. ముందు కాలు ఎత్తాడు. అది ఇచ్చింది. పాత నాడా తీసి, చెక్కి, కొత్తది కొట్టాడు. రెండో ముందు కాలూ ఇచ్చింది. బొమ్మలా నిలబడింది.

మీరైతే సంతోషపడేవారేమో. నేను మాత్రం బెల్లంలో ఏదో కలిపాడు, మత్తు పెట్టాడు అనుకున్నాను. వెనక కాళ్లు ముట్టుకోనివ్వకుండా తాడు గుంజుకుని దాన్ని కొట్టంలోకి తోలుకుపోయాను. ఆయన సుత్తి పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. పశువుల డాక్టరమ్మకు వేరేవాళ్లతో ఫోన్ చేయించి పిలిపించాను.

ఆమె కళ్లు చూసింది, చిగుళ్లు చూసింది, గుండె విన్నది, నడిపించి చూసింది.

"కాకా, గిది నాకన్న హుషారుగున్నది. మత్తు లేదు, మన్ను లేదు. నిలవడకుంటే పరేషాన్, నిలవడితే ఇంక పరేషాన్, మీతోని ఎట్ల?"

నేను చేతులతో ఏదో చెప్పబోయాను. ఆమె నవ్వింది.

"నిన్నటికి, ఇయ్యాల్టికి ఏం మారిందో చూసుకోండ్రి. నాకైతే మారింది ఒక్కటే కనవడ్తుంది. మీరు ఊకున్నరు."

నా మీద ఎత్తిపొడుపు అది. ఇప్పటికీ గుర్తుంది. కానీ సాయంత్రానికి అది లోపల గుచ్చడం మొదలుపెట్టింది. కొద్దిగా గొంతు వచ్చింది. ఎర్రది దూరంగా మేస్తోంది. అలవాటుగా, గాలిలాంటి గొంతుతో "ఏమే బిడ్డా" అన్నాను. అది తల ఎత్తి, మేత వదిలేసి, నా వైపు తిరిగి నడిచి వచ్చింది.

నేను దాణా పెట్టడం మరచిపోయి నిలబడ్డాను. తల దగ్గర నేను "ఏమే బిడ్డా" అంటే అది నా వైపు రావాలి. తోక దగ్గర ఆయన "ఏమే బిడ్డా" అంటే అది అటు తిరగాలి. మూడు కాళ్ల మీద నిలబడ్డ గుర్రం అటూ ఇటూ తిరగాలంటే నాలుగో కాలు కింద పెట్టాలి. దానికి పొగరూ లేదు, రోగమూ లేదు. పిలిచిన ప్రతిసారీ చెప్పినట్టే విన్నది. పాత రోజుల్లో మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకునేవాళ్లం కాబట్టి దాన్ని ఎవరూ పిలవలేదు. మా ముచ్చట్లు వింటూ అది కునుకు తీసేది.

ఈ పిలుపు నాడాలప్పుడు వాడడం తప్పే. కానీ నేను నా గుర్రాన్ని నా పిలుపుతో పిలిచాను. నా పిలుపును ఎత్తుకుపోయి వాడుకున్నది ఆయన. ఈ తేడా రాసి పెడుతున్నాను.

విషయం తెలిసింది. ఆయనకు చెప్పేదెట్లా? ఎవరితోనైనా చెప్పి పంపితే, "అయితే తప్పు నాది కాదని ఒప్పుకున్నడా" అని నలుగురిలో అంటాడు. అనడని మీరు నాకు హామీ ఇవ్వగలరా? నేను మాట్లాడకుండా ఉంటే చాలు, పోయినసారిలాగే ఆయనా ఊరుకుంటాడు, వెనక కాళ్లు కూడా అయిపోతాయి అని లెక్క వేసుకున్నాను.

ఆదివారం పొద్దున సేఠు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బేపారి బండి వెనక తలుపు మా వైపు తిప్పి ఆపాడు. ముళ్ల కళ్లెం అతని భుజానికి వేలాడుతోంది. ఎర్రదాన్ని బండ మీద నిలిపి తాడు వదులు చేశాను. నోరు మూసుకున్నాను.

ఆయన వెనక ఎడమ కాలు దగ్గరికి వచ్చి వంగాడు.

"ఏమే బిడ్డా, మీ సాయీసు మొన్న నడిమిట్ల ఎందుకు గుంజుకపోయిండో అడుగు."

అది మెడ వెనక్కి తిప్పింది. కాలు జరిగింది. నేను పెదవుల మీద వేలు పెట్టి ఊరుకోమని సైగ చేశాను. ఆయన కళ్లు చిన్నవయ్యాయి.

"ఏమే బిడ్డా, నోరు మూసుకోమంటుండు చూడు. గింత పెద్ద మొగోడయిండు."

అది పూర్తిగా ఆయన వైపు తిరిగిపోయింది. తిరగడంలో ఆయన కింద కూలబడ్డాడు, మొలల డబ్బా ఒలికింది. సేఠు కుర్చీలోంచి లేచాడు. బేపారి భుజం మీది కళ్లెం చేతిలోకి తీసుకుని నడిచి వచ్చాడు. వస్తూ వస్తూ కడ్డీని తన చొక్కాకు తుడిచాడు. అలా తుడవడం నేను చూడకపోయి ఉంటే ఏమయ్యేదో తెలియదు.

"దాన్ని పిలువకు" అన్నాను. గొంతు బొంగురుగా వచ్చింది. "ఏమున్నా నాకే చెప్పు."

కింద కూర్చున్న ఆయన తల ఎత్తాడు. "నాతోనేనా?"

"మరి బండతోనా?"

"సరిగ్గ ఇనలే. మళ్లొకసారి అను."

కావాలనే అడిగాడు. విన్నాడని నాకు తెలుసు. అయినా మళ్లీ అన్నాను. "అది పిలిస్తే వస్తది. నువ్వు పిలుస్తున్నవ్, అది వస్తుంది. దాని తప్పేం లేదు. దాన్ని ఇడిచిపెట్టి నాతో మాట్లాడు."

ఆయన నన్ను చూశాడు, గుర్రాన్ని చూశాడు. విషయం ఎక్కినట్టుంది. లేచి లాగు దులుపుకున్నాడు. నేను ఎర్రదాన్ని మళ్లీ బండ మీదికి తెచ్చి తాడు వదులు చేశాను. బేపారి ఆగిపోయాడు.

"ఎడమ కాలు లేపుతున్న, బావా" అన్నాడు ఆయన.

"జర కిందికి పట్టు. అది బెణికిన కాలు."

"ఎరుకే. నువ్వు బిడ్డతోని చెప్పినవ్ గద."

సేఠు ముసిముసిగా నవ్వాడు. నేను నవ్వలేదు. కాలు ఆయన ఒళ్లోకి వచ్చింది. కానీ చెవులు ఇంకా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎవరు పిలుస్తారా అని చూస్తోంది. ఊరుకుంటే సరిపోదని అప్పుడు అర్థమైంది. దానికి మా పాత చప్పుడు కావాలి. ఏం మాట్లాడాలో తోచక, "మీ దిక్కు వాన వడ్డదా?" అన్నాను.

"పడ్డది. పత్తి చేండ్ల నీళ్లు నిలిచినయ్."

"బెల్లం ఎందుకు వెడ్తున్నవ్ దానికి?"

"మరేం చేయాలె? కాలియ్యవే తల్లీ అని బతిమాలుకుంటున్న. నీతోనాయె మాటలు లేవు."

"బేపారితో మరాఠీల ఏం చెప్పినవ్?"

ఆయన మొల నోట్లోంచి తీసి, గొంతు తగ్గించాడు. "దీని కాళ్లల్ల పాత రోగమున్నది, ఒక్క బరాత్ గూడ నడువది, తీస్కపోతే మునుగుతవ్ అన్న. ఆ ముండ్ల కళ్లెం చూసినంక ఇంకేం చెప్త?"

నిజమో, అప్పటికప్పుడు అల్లాడో నేను తేల్చుకోలేకపోయాను; అంత విన్నాక కూడా బేపారి బండి తెచ్చాడు కదా. ముందే చెప్పాను కదా, నాకు మరాఠీ రాదు. ఒకవేళ నిజమే అయితే, ఆ నవ్వు దేనికి? అదీ అడిగాను. "రోగమున్న గుర్రానికి గంత మొండి సాయీసు ఎట్ల దొరికిండని ఆయనంటే ఇద్దరం నవ్వినం" అన్నాడు. ఆ మాటకు మాత్రం అబద్ధం వాసన రాలేదు.

పత్తి నుంచి ఎడ్ల మీదికి, ఎడ్ల నుంచి వాళ్ల ఊరి జాతర మీదికి మాట పోయింది. సుత్తి దెబ్బలు పడుతున్నాయి. ఎర్రది కింది పెదవి వేలాడేసింది. చెవులు పక్కలకు వాలాయి. నా చేతిలో తాడు నేలకు తగిలేంత వదులుగా ఉంది. కుడి కాలు అడిగితే కళ్లు సగం మూసుకునే ఇచ్చింది. ఆఖరి మొల మడిచి, ఆయన కాలు మెల్లగా కింద పెట్టాడు. నాలుగు కాళ్ల మీదా సమంగా నిలబడి కునుకుతోంది అది.

బేపారి కళ్లెం భుజాన వేసుకుని, బండి తలుపు మూసుకుని వెళ్లిపోయాడు. సేఠు వచ్చి నాడాలు కొట్టే ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నా వైపు తిరిగి, "తాడు మంచిగ పట్టుకున్నవ్" అన్నాడు. మంచిగా పట్టుకోవడం కాదు, నేను పట్టుకోనే లేదు. అదే అక్కడి పని. ఆయనకు చెప్పి లాభం లేదు.

ఆ తరవాత నేను ఉన్నన్నాళ్లూ ఎర్రది నాడాలకు కదలలేదు. స్వారీ నేర్చుకునే పిల్లలను మోసింది, ముసలిదైంది. ఇప్పుడు ఆ కొట్టంలోనే విశ్రాంతిగా ఉంది. మేమిద్దరం మాత్రం నాడాల రోజున, ఆ బండ మీద, తాడుకు ఈ చివరా ఆ చివరా మాట్లాడుకునేవాళ్లం. బండ దిగాక మళ్లీ ఎవరి దారి వారిదే. అది గుర్రం కోసం. గృహప్రవేశం సంగతి వేరు. దానికి ఆయన క్షమాపణ చెప్పలేదు, నేనూ మరచిపోలేదు.

నేను పని మానేసిన రోజు సేఠు అందరికీ బగారన్నం పెట్టించాడు. బంతిలో నా పక్క చోటు ఖాళీగా ఉంది. నాడాలు కొట్టే ఆయన గిట్టల కమురు వాసనతో వచ్చి, అందరూ చూస్తుండగా అక్కడే కూర్చున్నాడు. ఆయన ముక్కు వైపు చూస్తూ నేను అన్నం కలిపాను. ఆయన తన ఆకులోని మంచి ముక్క ఒకటి తీసి నా ఆకులో వేసి, తల వంచుకుని తిన్నాడు.

భోజనం ముగిసేదాకా ఆ లద్ది వాసన మాట కోసం ఎదురుచూశాను. రాలేదు. ఎప్పుడో, ఇంకా పెద్ద బంతిలో అనడానికి దాచిపెట్టుకున్నాడనే నా అనుమానం. అందుకే ఎక్కడ భోజనాలైనా ఇప్పటికీ ఆయన పక్కనే కూర్చుంటున్నాను.